ఎదురుచుట్టు

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో మా అంగడి.
లోపలికి వచ్చేవన్నీ కాలిపోయే వస్తాయి,
బోరు మోటర్లు, మిక్సీలు,
నడి ఎండాకాలంలో నిలిచిపోయిన ఫ్యాన్లు.
వాసన చూసి చెప్పేస్తా:
ఇది నీళ్లు లేక తిరిగి తిరిగి మాడింది,
ఇది ఓల్టేజి చాలక గింజుకొని మాడింది.

జెరూషా తెచ్చినదానికి వాసనే లేదు.
షెడ్డులో ఫిట్టరు, గోర్ల సందున గ్రీజు,
భుజాన గోనెపట్టాలో చుట్టిన గిటారు.
"మాబన్నా, దీని గొంతు పోయింది.
రెండు కాయిళ్లూ నువ్వే చుట్టాల.
స్విచ్చులు మాత్రం నేను చెప్పినట్ల."
జీతం చీటీ వెనకపక్క పెన్సిలు బొమ్మ:
మూడు దారుల స్విచ్చు ఒకటి,
పక్కన చిన్నది ఇంకొకటి,
దాని కింద గీత గీసి రాసుకుంది,
"మొదలు కొన అవుతుంది, కొన మొదలవుతుంది."

నలభై ఏండ్లుగా రాగి చుడుతున్నా,
ఇంత సన్న తీగ చూడలే.
బళ్లారి నుంచి వచ్చిన ఉండ విప్పితే
కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది.
ఖుర్షీదు కుట్టుమిషను మోటరు అడిగినా;
రంజాను గుడ్డలు ఇంకా మిగిలున్నాయని
తిట్టుకుంటానే ఇచ్చింది.
లెక్కకు పాత క్యాలిక్యులేటరు,
అయస్కాంతం దాటినప్పుడల్లా
ఒకటి కలుపుకుంటా పోతుంది.
ఆరువేల మూడొందల దగ్గర కరెంటు పోయింది.
రెండు వేళ్ల మధ్య ఆ తీగ పట్టుకొని,
ముక్కు దురద పెట్టినా గోక్కోకుండా
గూడ్సు బండ్లు రెండు పోయిందాకా
చీకట్లో కూర్చున్నా.

"రెండోది ఎడమకు చుట్టు" అనింది.
అయస్కాంతాలు కూడా తలకిందులంట.
ఎందుకని అడిగితే
"విన్నప్పుడు తెలుస్తాదిలే."

మోటరు కెపాసిటరు సోడాబుడ్డంత,
దీనిది కందిబ్యాడంత.
నవ్వొచ్చింది గానీ,
వాల్యూం గుబ్బ కింది డబ్బీ వీపుకు
సీసం అంటలే చిన్న కడ్డీతో.
మోటర్ల కడ్డీనే తీయాల్సొచ్చింది.

మాపటికి ఆంప్లిఫయరు మోసుకొచ్చింది.
మీట వేస్తే గుయ్‌మని ఒకటే మోత.
నాకు పానం లేచొచ్చింది.
ఆ మోత వినే కదా ఇన్నేండ్లూ
నీ మోటరు బతికిందిపో అని రైతుకు చెప్పింది!
ఆమె మొగం మాడింది.
"ఈ మోతే నాకు వద్దు మాబన్నా."

తంతులు ముట్టుకున్నా, తగ్గలే.
ప్లగ్గు దూరేచోట ఇనుప అంచు ముట్టుకున్నా,
గమ్మునైపోయింది.
వేలు తీస్తే మోత, పెడితే గమ్ము.
"బ్రిడ్జికి ఎర్త్ ఇయ్యలే నువ్వు."
"నీ బొమ్మలో యాడుంది?"
కొట్లాడినాము. టీ తాగినాము.
జానెడు తీగ వేసినాము.

మొదటి దారి: మోత, కొంచెం.
మూడో దారి: మోత, ఇంకో రకం.
నడిమికి తోసింది.
రెండు కాయిళ్లూ ఒక్కసారే.
మోత లేదు.
కుడిచుట్టులో పుట్టిందాన్ని
ఎడమచుట్టు మింగేసింది.
తంతి మీటితే పాట మాత్రం
ఇద్దరు మనుషులు ఒకే గొంతుతో అన్నట్లు.
నేను చుట్టిందేనా ఇది?

అప్పుడు చిన్న స్విచ్చు వేసింది.
చచ్చిన మోత రెండింతలై లేచింది,
పాట సన్నబడి, పడిశం పట్టినోడి మాటయింది.
"చెడగొట్టేదానికి కూడా స్విచ్చా తల్లీ?"
జెరూషా చెయ్యి ఆపలే.
"రాత్రి డ్యూటీ దిగొచ్చినప్పుడు
నా చెవుల్లో ఇట్లే ఉంటుంది.
అది కూడా వాయించాల కదన్నా."

ఎనిమిదొందలిచ్చి, రెండొందలు బాకీ పెట్టి పోయింది.
చీటీ నా సొరుగులోనే ఉండిపోయింది.
ఇంకోసారి మరిచిపోకుండా
ఎర్త్ తీగ ఎర్ర ఇంకుతో గీసి పెట్టి
ముందుపక్కకు తిప్పినా.
ఆ నెల రాత్రి డ్యూటీలు
పద్దెనిమిది.