నిన్నటి అంకె

పొద్దున లేవంగనే, పాయఖానకు పోయొచ్చినంక,
చాయ్ తాగకముందు తూచాలె.
చంద్రపూర్ల డాక్టర్ ఖోబ్రాగడే చెప్పిన మాట.
మూడు దినాలల్ల రెండు కిలోలు పెరిగితే
అది తిండి కాదు, నీళ్ళు,
గుండె తోడిపొయ్యలేని నీళ్ళు,
మర్నాటిదాంక ఆగకుండ తీస్కరా అన్నడు.

అందుకే కొన్న ఈ అద్దం పలకను,
బల్లార్షా స్టేషన్ రోడ్డుమీద, ఎనిమిది వందలకు.
ఈశ్వరబాయి ఎక్కింది: అరవై ఒకటిన్నర.
దిగి ఎక్కింది: అరవై రెండు పాయింట్ మూడు.
మళ్ళ ఎక్కింది: అరవై పాయింట్ తొమ్మిది.
"ఇంత జల్ది బక్కగైతె మంచిదే" అన్నది
గోడకు చెయ్యి ఆనిచ్చుకొని.
చెయ్యి తియ్యి అన్న.
గోడ గూడ కొంత మోస్తది.

ముప్పై ఒక్క ఏండ్లు
బొగ్గుగని ధర్మకాంట మీద కూసున్నోణ్ణి.
ముందు చక్రాలు పలక దాటితే అంకె ఎట్ల కుంటుతదో,
డ్రైవర్ దిగకుంటే ఎంత కలుస్తదో
నిద్రల లేపినా చెప్త.
ఇంట్ల ఒక్క మనిషిని తూచరాకపాయె.

ఎదురింటి మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చిన.
స్నానాల గదిల బండ మోరీ దిక్కు వాలు.
వంటింట్ల రెండు బండల నడుమ అతుకు.
ఇల్లంత మోకాళ్ళమీద తిరిగి తిరిగి
దేవుని గూటి కింద దొరికింది
బుడగ కదలని జానెడు జాగ.
నాలుగు కాళ్ళ చుట్టు చాక్ గీతలు గీసిన.
పక్కింటి ప్రాజక్త గోర్ల రంగు తెచ్చి
అద్దం మీద రెండు పాదాలు గీసింది.

అదే మాక్సీ. అదే యాళ్ళ.
మెట్టెలు తీద్దామంటే రాలేదు,
వేళ్ళు అంత ఉబ్బినయి.
"ఉండనీ, రోజూ ఉండేటియే గదా" అన్నది.

ఇగ చూడు, అయిదు దినాలు ఒక్కటే అంకె.
అరవై ఒకటి పాయింట్ రెండు.
పావు కూడ అటిటు కాలే.
కాంటకు స్టాంపింగ్ అయిన నాడు లెక్క
గల్లీ చివరిదాంక పోయి జిలేబి తెచ్చిన,
ఆమెకు ఒక్కటే పెట్టిన.

ఆరోనాడు గోలీల కోసం
గిలాసెడు నీళ్ళు చేతుల పట్టుకొనే ఎక్కింది.
అరవై ఒకటి పాయింట్ రెండు.
గిలాస కింద పెట్టి ఎక్కమన్న.
అరవై ఒకటి పాయింట్ రెండు.

అప్పుడు తెలిసింది.
ఇది తూస్తలేదు,
యాదికి చెప్తున్నది.
కొంచెం తేడా అయితే
మనకు నచ్చుతదని నిన్నటి అంకెనే చూపిస్తున్నది.

నేను ఆ బండల మీదనే కూలబడ్డ.
ఖాళీ లారీని మళ్ళెందుకు తూచుడని
నిన్నటి టేరే రిజిస్టర్ల దించిన రాత్రులు యాదికొచ్చినయి.
డాలాల ఏమున్నదో, ట్యాంకిల డీజిల్ ఎంతున్నదో
లేచి చూడలే.
చలి, బయట దుమ్ము, వరుసల అరవై లారీలు.
ఎవ్వరూ అడగలే.
ఈశ్వరబాయికి చెప్పిన.
కొంచెంసేపు ఊకున్నది.
"అయితే నన్ను ఖాళీ బండిల రాసినవా
నిండు బండిల రాసినవా" అన్నది.

ఇప్పుడు ముందు బియ్యం సంచి ఎక్కుతది,
పలక నిన్నటిది మరిచిపోవాలె గదా.
ఆదివారం ఖాళీ సిలిండర్ ఎక్కుతది.
దాని మెడమీద కొట్టిన అంకె పదిహేను పాయింట్ తొమ్మిది,
పలక చెప్పేది పదహారు పాయింట్ ఒకటి.
రెండు వందల గ్రాముల అబద్ధం.
కానీ, ప్రతి వారం అదే అబద్ధమైతే
నాకు చాలు, దానితోటి బతుకొచ్చు.

తర్వాత ఆమె.
చేతులు వదిలి, ఎదురుంగ చూసుకుంట,
ఊపిరి బిగపట్టి, ఎందుకో నేను గూడ బిగపట్టి.
అంకె మూడుసార్లు ఆడి నిలబడ్తది.
అరవై ఒకటి పాయింట్ ఆరు.
తెల్లారి అరవై రెండు.

గని నుంచి తెచ్చుకున్న పాత రిజిస్టర్ల రాస్తున్న.
గ్రాస్, టేర్, నెట్, మూడు గడులు.
మొదటి గడి నిండుతది.
మెట్టెలు, మాక్సీ, కాళ్ళల్ల చేరిన నీళ్ళు
రెండో గడిలవి, అంతవరకు తెలుసు.
మూడో గడి ముందల పెన్ను పట్టుకొని
కూసుంట కొంతసేపు.

లోపలినుంచి అడుగుతది,
"చాయ్ పెట్టన్నా, ఇంకోసారి ఎక్కమంటవా?"