శుక్రవారపు నిప్పు

కాల్టెన్‌రోడ ఊరి రొట్టెల పొయ్యి తాళంచెవి
ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉంది.
జానెడు ఇనుము.
ఏ సంచిలో వేసినా ఆ సంచి అడుగు చిరుగుతుంది.

ఊళ్లో ఇప్పుడు ఎనభై ముగ్గురం.
బడి మూతపడి ఎవరిదో ట్రాక్టరు కొట్టమైంది.
బస్సు రోజుకి రెండుసార్లు వస్తుంది,
ఎవరూ ఎక్కకపోయినా మర్యాదకి కాసేపు ఆగి పోతుంది.
సెప్టెంబరులో పొయ్యి పండగ మాత్రం మానలేదు.
బీరు బల్లలు, ఫైర్ బ్రిగేడ్ వాళ్ల బాకాలు,
ఉల్లిపాయల రొట్టె, పిల్లల ముక్కులకి మసి.

అందరూ ఎదురుచూసేది చీట్ల కోసం.
తోలుసంచిలో చెక్క బిళ్లలు,
ఒక్కోదాని మీద ఒక్కో ఇంటి నంబరు.
మొదట ఎవరి బిళ్ల పైకొస్తే వాళ్ల పని అయినట్టే:
చల్లబడ్డ పొయ్యిని వాళ్లే రాజెయ్యాలి,
రెండు మోపుల కట్టెలు అదనంగా తగలెయ్యాలి.
వెనకొచ్చేవాళ్లకి వేడి ఊరికే వస్తుంది.
ఈ ఏడూ వెండెలిన్‌దే. వరసగా మూడోసారి.
"ఈ సంచికి నా మీద పగ" అన్నాడు.
ఊరంతా గొల్లున నవ్వింది.

గోడ మీద బోర్డుంది. రంగు వేసింది నేనే.
'క్రమం కోసం, పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది
చలికాలంలో, చీట్ల పద్ధతి మొదలైంది.'
బడిపంతులు రాసిన ఊరి చరిత్రలోంచి
పొల్లు పోకుండా దించాను.
అదే పేజీలో, దానికి పై వరసలో
'పదకొండో నంబరు ఇల్లు ఖాళీ అయింది' అని ఉంది.
అది దించలేదు.
బోర్డులో చోటు లేదనుకున్నాను.

అమ్మమ్మ ఒట్టిలియె ఒకసారి పిండి పిసుకుతూ అంది:
"మునుపు శనివారం తలుపు తీస్తే
పొయ్యి వెచ్చగానే ఉండేది."
ఎవరు రాజేసేవాళ్లని అడిగాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.
అడగందే అమ్మైనా పెట్టదంటారు,
అడిగినా పెట్టలేదు అమ్మమ్మ.
"ఇంకాస్త ఉప్పు పడాలి" అంది పిండితో.

మొన్న వసంతంలో పొయ్యి గొంతు బీటలిచ్చింది.
మేస్త్రీ ఇటుక లాగితే వెనక ఒక బిళ్ల.
ఓ అంచు కాలి ఉంది.
పదకొండు.
రెండు ఒకట్లకీ పైన వంకర ముక్కులు.
ఆ ముక్కులు మా తాతవి.
పీపాల మీద, ఊయల మీద, చనిపోయిన దూడ మెడపట్టీ మీద
అలాగే చెక్కేవాడు.
చేతి అలవాటుగా చెక్కేశాడో,
ఎవరో వద్దంటే నిప్పులో పడేశాడో,
పడేసి మళ్లీ చెయ్యి పెట్టి లాగాడో.
తాత కుడి అరచేతిలో ఒక నున్నటి మచ్చ ఉండేది.
దాని కథ నాకు మూడు రకాలుగా చెప్పాడు.

వృద్ధాశ్రమంలో కూనిబెర్ట్‌కి తొంభై నాలుగు.
నా పేరు మర్చిపోయాడు. బిళ్లని మాత్రం గుర్తుపట్టాడు.
"యెట్టా ప్లౌట్. పశువుల బేరగాడి పెళ్లాం.
శుక్రవారం తెల్లారకముందే పొయ్యి రాజేసేది.
పొద్దుగుంకితే వాళ్లు నిప్పు ముట్టరు కదా.
జడలా అల్లిన రొట్టె, పైన గసగసాలు.
విరిగిన కొస నాకిచ్చేది."
కాసేపు నోరు ఆడించాడు, నమిలినట్టు.
"వాళ్లు పోయిన వారమే
శనివారం పొయ్యి దగ్గర కట్టెల కోసం కొట్టుకున్నారు.
చీట్లు ఆ తర్వాతే."

ఈ పండగకి ముందు శుక్రవారం,
నాలుగింటికి, టార్చిలైటు పళ్ల మధ్య పట్టుకుని
తాళం తీశాను.
నా డెబ్బై మూడేళ్ల మోకాళ్లు, రెండు మోపులు.
రాజుకోడానికి గంట పట్టింది.
రొట్టె కాల్చలేదు. ఆ అల్లిక నాకు రాదు.

శనివారం వెండెలిన్ తిట్టుకుంటూ తలుపు లాగాడు.
చెయ్యి లోపలికి పెట్టి అలాగే ఉంచేశాడు.
"వెచ్చగా ఉందే. ఎవరు?"

వెనక బాకాలు. ఎవరో చప్పట్లు.
ఉప్పు సరిపోయిందా అనే మాట
నా నాలుక చివరిదాకా వచ్చింది.
మింగాను.
బిళ్ల తీసి అతని పిండిచేతిలో పెట్టాను.