మూడడుగులు

మానిటోబాలో కంకరరోడ్డు పక్కన
నాలుగు వందల పన్నెండో కరెంటు స్తంభం.
స్టే వైరు నేలలో దిగినచోట
ఓరెస్ట్ గడ్డికోత యంత్రానికి
ఠంగుమని తగిలింది పచ్చరంగు రేకుడబ్బా.

రూలు అతనికి కంఠతా:
తీగల కింద అటు ఆరు మీటర్లు, ఇటు ఆరు మీటర్లు కంపెనీది.
చెట్టు మొలవకూడదు. పెట్టె ఉండకూడదు.
పదకొండేళ్లుగా నరుకుతున్నాడు విల్లో మొక్కల్ని,
అవీ మొండివే.

మూత తీశాడు.
ప్లాస్టిక్ కప్ప. చెల్లని బస్సు టోకెను. పెన్సిలు ముక్క.
చెమ్మెక్కిన చిన్న పుస్తకంలో తేదీలు, పేర్లు:
"దోమలు తినేశాయి, అయినా దొరికింది!"
"ఇది నాలుగోసారి రావడం."
"నాన్నకి కనబడలేదు, నేనే చూశా. టిల్లీ, ఆరేళ్లు."

ఈ చోటికి
పనిగట్టుకుని వచ్చేవాళ్లుంటారని
అతనికెప్పుడూ తోచలేదు.
పైన తీగలు జుమ్మంటున్నాయి,
ఎవరిళ్లకో పోయే వెలుగు, ఇక్కడ దిగదు.

డబ్బా వ్యాన్లో పడేస్తే పని అయిపోను.
ఫోన్ తీసి, కంచె అవతలి థీసెన్ ముసలాయన్ని
మూడడుగుల చోటు అడిగాడు.
"నా కనోలాలో మిడతలు తప్ప
ఇంకేమైనా దొరికితే మంచిదేగా" అని నవ్వాడాయన.

గుంజ మొదట్లో డబ్బా పెట్టి, రాయి కప్పేముందు
పసరంటిన వేళ్లతో రాశాడు:
"ఉపగ్రహం చెప్పినదానికి మూడడుగులు తూర్పుగా చూడండి.
తప్పు దానిది కాదు, కంపెనీది."

కాస్త ఆగి, కింద ఇంకో వరుస:
"ఓరెస్ట్. నేను వెతకలేదు."

తర్వాత యంత్రం
నాలుగు వందల పదమూడు వైపు,
ఎందుకో కాస్త మెల్లగా.