పద్నాలుగో ప్రశ్న

ఏడో వరస లేస్తుంది.
మా అక్క లూర్దు మోకాళ్ళు పక్కకు తిప్పుకొని
అందరికీ దారి ఇస్తుంది.
పదకొండేళ్ళుగా, ఆదివారం ఆదివారం.

నా చేతిలో సత్ప్రసాదం గిన్నె.
"క్రీస్తు శరీరం" అంటాను.
"ఆమెన్" అంటారు
వడ్డీకి తిప్పే ఇన్నయ్య,
కోడలితో మాట మానేసిన రాయపమ్మ,
రాత్రి తాగిన వాసన ఇంకా పోని నా చిన్ననాటి దోస్తు.
నాలుకలన్నీ ఒకటే రంగు.
చెయ్యి వణకదు నాకు. అలవాటైంది.

అక్క రాదు.
యాదగిరి బావతో రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు మార్చుకున్నాక
ఫాదర్‌గారు మెత్తగానే చెప్పారు:
గుడికి రామ్మా, పాడు, పూలు కట్టు,
బల్ల దగ్గరికి మాత్రం వద్దు.
మొదటి ముడి ఇంకా ఉంది,
కోర్టు విప్పింది సంతకాన్నే.

ఆ ముడి అసలు పడిందా లేదా అని
మేత్రాసనం నుంచి కాగితాలొచ్చాయి.
సాక్షిని నేను.
పద్నాలుగో ప్రశ్న: పెళ్ళికి ముందు
ఆమె అయిష్టం చూపినట్టు మీకు తెలుసా?

తెలుసు.
ముందు రోజు రాత్రి బాత్రూంలో నల్లా విప్పి
మంజీరా నీళ్ళొచ్చే గంటన్నరా ఏడ్చింది.
బిందెలు నిండలేదని అమ్మ తలుపు బాదింది.
నాన్న ఉపదేశి. వరండాలో కూచొని
కళ్ళజోడు తుడిచి తుడిచి
రేపటి పఠనం చూసుకుంటున్నాడు.
నేను తలుపు బయట, తువ్వాలు పట్టుకొని.
నాకప్పుడు పంతొమ్మిది.

కాగితాలొచ్చేనాటికి నాన్న బతికే ఉన్నాడు.
నలభై ఏళ్ళు పెళ్ళిజంటలకు పాఠాలు చెప్పినవాడు.
"గుర్తు లేదు" అని రాశాను.
చేతిరాత బాగుందన్నాడు అక్కడి గుమాస్తా.

పూజ అయ్యాక
మెట్టుగూడ నుంచి లాలాగూడ, అక్క ఇంటికే భోజనానికి.
తలకాయ కూర, జొన్నరొట్టె.
బావ కొసరి కొసరి వడ్డిస్తాడు, గుడి మాట ఎత్తడు.
అక్క నా కంచం ముందు నిలబడి
"తిను" అంటుంది.
ఆమెన్ అనబోయి పొలమారుతుంది నాకు.
మాడు మీద తట్టి
"ఎవరో తలుచుకుంటున్నార్రా" అంటుంది.

ఏం రాశావని
ఎప్పుడూ అడగలేదు.

వంటింట్లో నల్లా కారుతోంది.
కట్టేసి రాపో, అంటుంది.
లేచి తిప్పుతాను, ఇంకా తిప్పుతాను.
"వాషర్ పోయిందిలే" అంటుంది వెనకనుంచి,
"ఎంత బిగించినా అంతే."