కొక్కెం

పుట్టకముందే ఏదీ కొనకూడదంది ఎర్నమ్మత్త.
అందుకే ఈ మూలలో ప్రతిదానికీ
ఒక దొంగపేరు.

నీలం టబ్బు బట్టలు నానబెట్టడానికట.
కిటికీ కింది కుట్టుమిషన్ను జరిపింది
బూజు దులపడానికట.
పొందూరు నుంచి మా అప్ప పంపిన నూలు చీరలు,
ఉతికి ఉతికి వెన్నలా అయినవి,
మూరెడు మూరెడు ముక్కలుగా చింపుతున్నాను.
మసిగుడ్డలకే, ఎవరడిగినా.

నెల్లిమర్ల జూట్ మిల్లులో
రెండో షిఫ్టు దిగొచ్చి
చిన్నంనాయుడు గోడ తడిమాడు,
జుట్టులో ఇంకా గోగునార పీచు.
చెమ్మ ఎంతవరకు ఎక్కిందో
మోకాలు ఆనించి బొగ్గుతో గీత గీశాడు.
ఏదైనా దీనికి పైనే, అన్నాడు.

రంగు సగం గోడకే సరిపోయింది,
పంచాయతీ ట్యాంకుకు వేయగా మిగిలింది మరి.
బొమ్మలేమైనా వేయించనా అంటే
వద్దన్నాను.
పెచ్చులూడిన చోట
ఏనుగు ఒకటి ఎప్పట్నుంచో ఉంది,
తొండమే కాస్త పొట్టి.

దూలానికి కొక్కెం బిగించాడు.
ఆగుతుందా?
ఖాళీ ఉయ్యాల ఊపకూడదాయె.
పాతిక కేజీల బియ్యం బస్తా ఎత్తుకొచ్చి
తల ఎటో కాళ్లెటో ఆలోచించి మరీ
చీరలో పడుకోబెట్టాడు.
"రాత్రంతా ఉండనీ. పొద్దున్న చూద్దాం."

కరెంటు పోయింది.
మంచం మీంచి చెయ్యి అందుతుందో లేదో
చూద్దామనే చాపాను.
అందింది.
కిర్రు. కిర్రు.
బియ్యం లోపల మెల్లగా సర్దుకున్న చప్పుడు.

చీకట్లోంచి అత్త గొంతు:
"ఒరే నాయుడూ,
ఆ కొక్కేనికి కాసింత ఆముదం రాయరా.
గుంట లెగిసిపోతాది."