పొల్లు తూటా

మొదటి మూడు శనివారాలు మెంగా మాకు తూటా చూపించలేదు.
బోర్లా పడుకోబెట్టి, ఖాళీ రైఫిల్ గొట్టం మీద
ఐదు ఫ్రాంకుల బిళ్ళ పెట్టి
"ఇది జారకుండా ట్రిగ్గర్ నొక్కు" అంది.
నలభై ఏళ్ళు ఈ ఆల్ప్స్ లోయలో ఉత్తరాలు పంచిన మనిషి.
బిళ్ళ జారిన ప్రతిసారీ
వంగి, తీసి, కొంగలా నిలబడి తుడిచి, మళ్ళీ పెట్టేది.
ఫ్లూరిన్ లెక్కపెట్టాడు: నావి నలభై ఒకటి.

ఊపిరి బిగబట్టకు, అనేది.
వదిలాక, మళ్ళీ పీల్చాలనిపించే లోపు
కాస్త చోటుంటుంది చూడు,
వేలు అక్కడ కదలాలి,
నీకే తెలియనంత మెల్లగా.

నాలుగో శనివారం తూటాలు.
మూడు వందల మీటర్ల అవతల, వాలులో,
ఆవగింజంత నల్లటి గుండ్రం.
మొదటిది పేలింది.
రెండోది పేలింది, కొండ దాన్ని తిరిగి అప్పజెప్పింది.
మూడోది
టిక్కుమంది.
మోత లేదు, పొగ లేదు,
కానీ నా భుజం ముందుకు దూకింది,
కళ్ళు గట్టిగా మూసుకున్నాయి,
గొట్టం గడ్డిలోకి ముక్కు వంచింది.
అందరూ చూశారు.

మెంగా ఆ పొల్లు తూటా తీసి
నా అరచేతిలో పెట్టింది.
"ముందు రెండిటికీ ఇలాగే ఉలిక్కిపడ్డావు.
చప్పుడు కప్పేసింది, అంతే."

ఇంతలో ఎవరివో ఆవులు కంచె దాటి
గురి దిబ్బకేసి వచ్చాయి.
తుపాకులు ఖాళీ చేసి, జెండా దించి, కూర్చున్నాం.
చాలాసేపు మెడ గంటలే.

జెండా మళ్ళీ లేచాక
అందరూ తూటాలకి చెయ్యి చాచారు.
నేను బిళ్ళ అడిగాను.

"నలభై రెండు" అన్నాడు
పక్కనుంచి ఫ్లూరిన్.