కళాయి తీగ

వేట బందు రెండు నెలలూ
తాళ్ళరేవు కాలవ ఒడ్డున నాకు తల గోక్కోడానికి తీరికుండదు.
పైన రంగులేసేవాళ్ళు,
పక్కన ఫైబరు అతికేవాళ్ళు,
నేను ఇంజను పెట్టె సందులో, నడుం రెండుగా మడిచి,
నోట్లో టార్చిలైటు.

ఓలేటి పోసియ్య పడవలో
ఈ ఏడాది ఏం దొరికిందో చెప్పనా?
ఫ్యూజు ఉండాల్సిన చోట
సిగరెట్టు పెట్టెలో వెండికాగితం.
ఎంత ముచ్చటగా మడిచాడనీ,
కొత్తల్లుడికి కిళ్ళీ చుట్టినట్టు.
"మాటిమాటికీ పోతందండి మీరా గారూ,
ఇదెట్టాక ఒక్కసారన్నా పోలేదు, ఆయ్!"
పందెం గెలిచిన మొహం పెట్టాడు.

నిజమే, కాగితం పోలేదు.
దాని వెనకాల తీగ చూడు పోసియ్యా.
అణియం దీపం దాకా తొడుగు కరిగి, సాగి,
డీజిలు డబ్బాకి బెత్తెడు దూరంలో
నల్లగా,
నొక్కితే పొడి.

ఫ్యూజు కాసేది నీ దీపాన్ని కాదు,
చేపలు చూపించే మిషన్నీ కాదు.
తీగని.
ఆ మాట చెప్పి చెప్పి నా నాలుక అరిగింది.
వాడు మాత్రం ఇంటి తీగ ఒక చుట్ట తెచ్చి
"మా బావమరిది డాబా కడితే మిగిలిందండి, ఇదేసెయ్యండి" అన్నాడు.

పోయినేడు అలాగే వేయించుకున్నవాడి తీగ
కోసి చూపించాను.
లోపల రాగి కనపడదు. పచ్చటి కిలుము.
ఉప్పుగాలి కొసన దూరి
తొడుగు లోపల్లోపలే బారెడు దూరం పాకింది.

మా నాన్న ఈ లంకల్లోనే
సైకిలు వెనక తోలుతిత్తి కట్టుకుని
ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు.
నవాసారం పొగ గుప్పున లేచేది,
దూదితో ఒక్క తుడుపు,
గిన్నె అడుగున నా మొహం నాకే కనపడేది.
కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచకండమ్మా, అని
గడపగడపకీ చెప్పేవాడు.
స్టీలొచ్చింది. తిత్తిని ఎలకలు కొట్టేశాయి.

నేను కాకినాడ నుంచి తెచ్చే చుట్ట
ఒలిస్తే తెల్లగా ఉంటుంది, రాగి మీద తగరం పూత.
కొట్టువాడు దానికేదో ఇంగ్లీషు పేరు చెబుతాడు.
నేను కళాయి తీగ అంటాను.
ధర మూడింతలు.
పోసియ్య కాలవకేసి చూశాడు.

మసేనమ్మ అంతదాకా గంపల దగ్గరే ఉంది.
వచ్చి, ఆ మాడిన ముక్క అడిగి తీసుకుంది.
వాసన చూసింది.
"గాడిమొగ అవతల, ఆ రాత్రి
నెత్తళ్ళు మాడిపోయాయన్నావు.
నీ చొక్కా ఇదే కంపు కొట్టింది."
అతనేం మాట్లాడలేదు.
ఆవిడ రొంటిన ముడి విప్పింది.

నాలుగు రోజులు పట్టింది.
బ్యాటరీకి బెల్టు. పెద్ద ఫ్యూజు
ప్లస్సుకి జానెడు లోపే.
నీళ్ళు తోడే పంపుకి వేరే దారి, దాని ఫ్యూజు దానికి,
మెయిను కట్టేసినా రాత్రంతా అది మేలుకునుండాలి.
మెలేసి టేపు చుట్టిన అతుకు ఒక్కటీ లేదు.
పెట్టెలోకి దిగేముందు ప్రతి తీగకీ కిందికో వంపు,
చుక్క అక్కడే జారి పడిపోయేటట్టు.

ఆఖరి రోజు పోసియ్యని పిలిచి
దీపం దగ్గర రెండు కొసలూ కావాలనే కలిపాను.
టప్.
పేను నొక్కినంత చప్పుడు.
"పోయింది!" అన్నాడు.
పోయింది. ఇప్పుడు తీగ పట్టుకో.
భయపడుతూనే రెండువేళ్ళూ ఆనించాడు,
తర్వాత అరచెయ్యంతా.
చల్లగా ఉందన్నాడు,
అదేదో నేను దొంగతనం చేసినట్టు చూస్తూ.

పది ఫ్యూజులు బిళ్ళల డబ్బాలో పోసి
చుక్కాని పక్కన మేకుకి తగిలించాను.
మసేనమ్మ అతని జేబులో సిగరెట్టు పెట్టె లాగి
నా చేతిలో పెట్టింది, మీరే ఉంచుకోండి, అని.
నేను తాగనని ఆవిడకి తెలీదు.